ఉత్తరం నేరుగా ఇంటికే

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద, పులికాట్ సరస్సు పక్కన ఉన్న తడలో ఎవరికైనా ఈమెయిల్ వచ్చిందంటే, అది నిజానికి ఎక్కడో ఒక పెద్ద సంస్థ కంప్యూటర్‌లో చేరి ఉంటుంది. ఇంట్లోవారు ఫోన్‌లో దాన్ని తెరిచి చూసుకుంటారు, అంతే. ఆ ఉత్తరాన్ని ఇంట్లోని యంత్రమే నేరుగా అందుకునేలా చేసే ఏర్పాటే సొంత మెయిల్ సర్వర్. ఇది నిపుణులకే సాధ్యమన్న అభిప్రాయం బలంగా ఉన్నా, ఉత్తరాలు పంపడంలో ఉన్నంత చిక్కు అందుకోవడంలో లేదు.

1982లో రూపొందిన ఎస్ఎంటీపీ అనే నియమావళి ప్రకారం, పంపే సర్వర్ ముందుగా చిరునామాలోని డొమైన్ పేరుకు ఎంఎక్స్ రికార్డును, అంటే ఆ పేరు మీద వచ్చే ఉత్తరాలను ఏ యంత్రానికి అప్పగించాలో తెలిపే నమోదును వెతికి, ఆ యంత్రపు 25వ పోర్టుకు కనెక్ట్ అవుతుంది. ఇంటి సర్వర్ 220 అనే అంకెతో పలకగానే, అవతలిది పంపినవారి పేరు, అందుకోవలసినవారి పేరు చెప్పి, ఉత్తరమంతా వినిపించి, చివరన ఒక వరుసలో ఒక్క చుక్క మాత్రమే పెడుతుంది. దానికి 250 అని జవాబు వచ్చిందంటే, ఆ క్షణం నుంచి ఉత్తరం బాధ్యత ఇంటి యంత్రానిదే.

తుపాను రోజుల్లో ఈ తీరంలో కరెంటు పోవడం కొత్త కాదు గనుక, యంత్రం ఆగిపోతే ఉత్తరాలు గల్లంతవుతాయన్న భయం సహజమే. అయితే సర్వర్ దొరకనప్పుడు పంపినవారు ఉత్తరాన్ని వరుసలో ఉంచుకుని కనీసం నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని ఆ నియమావళే చెబుతుంది.

అసలు అడ్డంకి ఐపీ చిరునామా. ఐపీవీ4 పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లే కావడంతో, ఇంటర్నెట్ సంస్థలు చాలాచోట్ల ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, బయటి సర్వర్ ఆ ఇంటి తలుపు తట్టలేదు. అప్పుడు అదనపు రుసుము కట్టి స్టాటిక్ ఐపీ, అంటే ఆ ఇంటికే కేటాయించిన మారని చిరునామా తీసుకోవాలి, 25వ పోర్టు తెరిచి ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన పనికి పాత కంప్యూటర్, అందులో ఉత్తరాలు అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని ఫోన్‌కు చూపించే డవ్‌కాట్ చాలు, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఇతరుల ఉత్తరాలను బయటికి చేరవేసే ఓపెన్ రిలేగా యంత్రాన్ని వదిలేస్తే, స్పామ్ పంపేవారు దాన్ని వాడుకుంటారు.

తెలుగు లిపిలోనే చిరునామా పెట్టుకునే వీలును 2012 నాటి ప్రమాణం కల్పించగా, పోస్ట్‌ఫిక్స్ 2015లో దాన్ని అందిపుచ్చుకుంది. పంపేవారి సర్వర్ కూడా దాన్ని అంగీకరించాలి గాని, ఇంటి వైపు ఆ ఏర్పాటు ఈరోజే చేసుకోవచ్చు.