లేజర్ సర్వేతో అడవిలోని వెలుగు అంచనా: మేడ్చల్, శామీర్‌పేట అడవులకు అన్వయం

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు విస్తరణ వలన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలోని అడవులు చిన్నచిన్న ముక్కలుగా మిగిలాయి. కండ్లకోయ అటవీభాగం, శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కు ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి చోట ఏ మొక్క బతుకుతుందో నిర్ణయించే అంశాలలో నేలను చేరే ఎండ ముఖ్యమైనది. టేకు మొలక దట్టమైన నీడలో ఎదగదు. సాధారణ ఉపగ్రహచిత్రం చెట్ల పైభాగాన్ని చూపుతుంది గాని, కింద ఎంత వెలుగు ఉందో నేరుగా చెప్పదు. విమానం నుంచి జరిపే లేజర్ సర్వే, అనగా లైడార్, ఆ లోటును కొంతవరకు తీరుస్తుంది.

2. అంచనా వేసే విధానం

విమానంలోని పరికరం సెకనుకు లక్షలాది లేజర్ పల్స్‌లను కిందికి పంపుతుంది. అవి వెళ్లి తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. ఒక నానోసెకను తేడా సుమారు 15 సెంటీమీటర్ల దూరాన్ని సూచిస్తుంది. కొంత కాంతి ఆకుల నుంచి, కొంత కొమ్మల నుంచి, మిగిలినది నేల నుంచి తిరిగివస్తుంది. నేలను చేరిన పల్స్‌ల పాలు ఎక్కువైతే చెట్ల పందిరిలో సందులు ఎక్కువని అర్థం. దీనినుంచి ఆకుల సాంద్రతను లెక్కిస్తారు.

ఆకుల పొరలు పెరిగేకొద్దీ వెలుగు ఘాతీయంగా తగ్గుతుందని జపాను శాస్త్రవేత్తలు మోన్సి, సయెకి 1953లో సూత్రీకరించారు. కాంతి తగ్గుదల గుణకం 0.5 అనుకుంటే, నేల వైశాల్యానికి రెండింతల ఆకులున్నచోట 37 శాతం, నాలుగింతలున్నచోట 14 శాతం వెలుగు మాత్రమే కిందికి చేరుతుంది.

3. స్థానిక పరిశీలన

లేజర్ కిరణం దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. ఎండ అలా దిగదు. శామీర్‌పేట అక్షాంశం సుమారు 17.6 డిగ్రీలు. అక్కడ మే రెండోవారంలోను, ఆగస్టు మొదట్లోను మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తును మించడు. కనుక సూర్యుని ప్రతి స్థానానికీ కిరణమార్గాన్ని విడిగా గణించాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఆకాశం నలువైపులనుంచీ వచ్చే చెదరిన వెలుగును కూడా కలపాలి.

అంతకంటె కీలకమైనది ఋతువు. ఇవి ఆకురాల్చే శుష్క అడవులు. మార్చిలో సర్వే చేస్తే బోడికొమ్మలే నమోదవుతాయి. ఆ పటాన్ని నమ్మి వానాకాలంలో నాటిన మొక్కలు, పందిరి చిగిర్చి కమ్ముకున్నాక నీడలో చిక్కుకుంటాయి. వర్షాకాలంలో మేఘాలు సర్వేకు ఆటంకం. అందువలన వానలు వెనుకబట్టి, ఆకు రాలకముందు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం. ఆకురాలిన తరువాత మరొక సర్వే చేస్తే రెండింటి తేడా తెలుస్తుంది.

4. ముగింపు

లైడార్ వెలుగును కొలవదు. వెలుగు దారిని అడ్డగించే ఆకారాన్ని కొలుస్తుంది. కాబట్టి అడవిలో నేలపై కాంతిమాపకాలతోను, పైకి చూస్తూ తీసిన చేపకన్ను కటకపు ఛాయాచిత్రాలతోను ఆ అంచనాను సరిచూడాలి. వైమానిక సర్వేలు నిర్వహించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇదే జిల్లాలోని బాలానగర్‌లో ఉన్నందున, ఈ అడవులు అటువంటి అధ్యయనానికి అనువైన క్షేత్రాలు.