‘ఎల్ఐ’ దగ్గర ఆగిన కంప్యూటర్

కొన్నేళ్ల కిందట హోసూరు ప్రాంతంలోని మా తెలుగు బడికి ఒక దాత నాలుగు పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో పనిచేసినవి మూడే. ఒక్కోదానిలో 512 ఎంబీ ర్యామ్. కొత్తవి కొనే స్తోమత బడికి లేదు. ఉచితంగా దొరికే లినక్స్ వేసి పిల్లల చేత తెలుగులో టైపు చేయించాలని అనుకున్నాం.

మెమరీ తక్కువ కదా అని మొదట బొమ్మలు లేని నల్ల తెరతోనే సరిపెట్టుకోబోయాం. ఇంగ్లిషు బాగానే వచ్చింది. మా జిల్లా పేరు ‘కృష్ణగిరి’ మాత్రం రాలేదు. తెలుగులో గుణింతం, ఒత్తు చోటు చూసుకుని కూర్చోవాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్ తెర మీదే ఉంటుంది. గ్రాఫిక్ తెరకు మెమరీ కావాలి. అంటే మన పిల్లలకు ర్యామ్ లెక్క అక్షరాల లెక్కే!

పాడైన కంప్యూటర్‌లోని ర్యామ్ తీసి మరోదానిలో వేశాం. రెండూ ఒకే రకం డీడీఆర్ కావడం మా అదృష్టం. 1024 ఎంబీ అవుతుందనుకుంటే 960 చూపింది. మిగతా 64 మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్ చిప్ వాటా అని తర్వాత తెలిసింది. చాలా బోర్డుల్లో ఆ వాటాను బయోస్‌లో తగ్గించుకోవచ్చు. బరువైన డెస్క్‌టాప్ బదులు తేలికైన ఎల్ఎక్స్‌డీఈ వేశాక పని సాఫీగా సాగింది.

అసలు చిక్కు డిస్కు మార్చినప్పుడు వచ్చింది. లినక్స్ ఉన్న హార్డ్ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు బిగించాం. తెర మీద ‘ఎల్ఐ’ అన్న రెండు ఇంగ్లిషు అక్షరాలు పడి, అంతా ఆగిపోయింది. డిస్కు పోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేయండన్నారు కొందరు.

డిస్కు పోలేదు. లినక్స్ కెర్నెల్‌ను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చేది బూట్‌లోడర్. మా దానిలో ఉన్నది ‘లిలో’. అది తన పేరులోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలను మెట్టుకొకటిగా చూపుతుంది. రెండింటి దగ్గర ఆగిందంటే రెండో భాగం నడవలేదని అర్థం. లిలో ఫైళ్లను పేరుతో వెతకదు, డిస్కు మీద అవి ఉన్న చోటును రాసిపెట్టుకుంటుంది. కొత్త కంప్యూటర్ డిస్కును మరోలా లెక్కిస్తే దారి తప్పుతుంది. సీడీతో బూట్ చేసి, ఆ డిస్కులోని లినక్స్‌లోకి వెళ్లి, లిలో కమాండ్ మళ్లీ నడిపాం. కంప్యూటర్ లేచి కూర్చుంది!

తర్వాత గ్రబ్‌కు మారాం. గ్రబ్ ఫైల్ సిస్టమ్‌ను చదివి కెర్నెల్‌ను పేరుతోనే వెతుక్కుంటుంది. లిలో అభివృద్ధి 2015లో ఆగిపోయింది కనుక ఇప్పుడు కొత్తగా వేసేవారికి గ్రబ్ మేలు.

తోటి ఉపాధ్యాయులకు మరో రెండు మాటలు. 4 జీబీ ర్యామ్ వేసినా 3 జీబీ పైచిలుకే కనిపిస్తే అది ర్యామ్ లోపం కాకపోవచ్చు. 32 బిట్ వ్యవస్థ చూడగల చిరునామాలు 4 జీబీ వరకే, అందులో కొన్ని ఇతర పరికరాలకు పోతాయి. పీఏఈ ఉన్న కెర్నెల్ ఆ హద్దు దాటగలదు, మదర్‌బోర్డు కూడా ఒప్పుకుంటేనే. కనుక ర్యామ్ కొనేముందు బోర్డు హద్దు చూడండి. అలాగే ప్రాసెసర్ 64 బిట్‌దేమో చూడండి. 2025లో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు.

ఆ రోజు కంప్యూటర్ లేచాక ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద వెతుక్కుంటూ ‘కృష్ణగిరి’ అని కొట్టింది. ణ ఒత్తు సరిగ్గా ష కిందే కూర్చుంది. పాత కంప్యూటర్‌ను పారేసేముందు ఒక్కసారి మూత తీసి చూడండి.