క్యారవాన్ కప్పు కారితే కాల్షీట్ గోవిందా!

వెండితెర మీద వాన పడితే మనకు హుషారే హుషారు. అదే వాన హీరోయిన్ గారి క్యారవాన్‌లో, సరిగ్గా మేకప్ అద్దం మీద కారితే? నిర్మాత గుండె గుభేలు! అద్దం చుట్టూ బల్బులు, వాటి వెనకాల వైర్లు. అక్కడికి నీరు చేరిందంటే పాడయ్యేది మేకప్ ఒక్కటే కాదండోయ్, ప్రాణానికే ముప్పు.

ఒకప్పుడు అవుట్‌డోర్ అంటే తారలకు చెట్టునీడే మేకప్ రూము. 1990ల ఆరంభంలో నటి పూనమ్ ధిల్లాన్ హిందీ చిత్రసీమకు వానిటీ వ్యాన్ అలవాటు చేశారు. ఇప్పుడు మన షూటింగులకూ క్యారవాన్ లేనిదే తెల్లవారదు. నిజామాబాదు వైపు షూటింగులేమిటీ అంటారా? 2017లో వచ్చిన 'ఫిదా'లో బాన్సువాడ పచ్చదనం చూసి ముచ్చటపడింది మీరే కదా! ఆ చిత్ర నిర్మాత దిల్ రాజుదీ ఈ గడ్డే.

మొన్న నిజామాబాదు నుంచి బోధన్ వెళ్తుంటే దారిలో ఒక షెడ్డులో కప్పు పగిలిన క్యారవాన్ కనిపించింది. ఏ తారదని అడక్కండి, చెప్పను! డ్రైవరు ఫోనులో బతిమాలుతున్నాడు. అవతల మేనేజరుది ఒకటే పాట: "పైన ఏదో ఒకటి పూసి పంపించెయ్!"

కప్పు మీదున్న మేస్త్రీ వింటేనా! "మీదికెళ్ళి పూస్తే ఏమైతది సారూ? లోపటి తడి అట్లనే ఉంటది. నీళ్ళు కారేది ఒకదగ్గర, పగిలింది ఇంకోదగ్గర. మూడు దినాలు గావాలె."

ఆ కప్పు ఫైబర్‌గ్లాస్. గాజును సన్నటి పోగులుగా లాగి, చాపలా పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి గట్టిపరిచిన సరుకు. 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ కారుకు ఒళ్ళంతా దీంతోనే చేశారు. తేలిక, తుప్పు పట్టదు. కానీ ఎండకూ కుదుపులకూ పగుళ్ళిస్తుంది, ముఖ్యంగా ఏసీ కోసం కోసిన చోట.

మేస్త్రీ ముందు పాత సిలికాన్ అంతా గీకేశాడు. అది ఏమాత్రం మిగిలినా రెజిన్ అంటుకోదట. పగులు ఇంకా సాగకుండా రెండు కొసల్లోనూ చిన్న రంధ్రాలు వేశాడు. చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ఏటవాలుగా అరగదీసి, కింద నానిన ప్లైవుడ్ తీసేసి, ఎండనిచ్చాడు. గాజు దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. అందుకే ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు.

రెజిన్ కలపడంలోనే ఉంది అసలు క్లైమాక్స్! కిలోకు పది నుంచి ఇరవై గ్రాముల హార్డెనర్. నిజామాబాదు ఎండల్లో తక్కువే వెయ్యాలి, అదీ పొద్దున్నే. కోబాల్ట్ మందునూ హార్డెనర్‌నూ నేరుగా కలిపారో, భగ్గుమంటుంది! ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పొయ్యాలి.

నిజాం కాలంలో, 1930లలో వెలసిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, ఇక్కడివాళ్ళ మాటల్లోంచి పాకం పోలేదు. "బెల్లం వండినట్టే సారూ, తీగపాకం దాటినంక ఎంత కలిపినా ఫాయిదా లేదు. ఆ లోపలే పని గావాలె" అన్నాడు మేస్త్రీ.

ఒక్కొక్క మ్యాట్ ముక్కా పరిచి, రెజిన్‌తో తడిపి, గాలిబుడగలు పోయేలా రోలర్ లాగాడు. బుడగ మిగిలితే రేపు పగులు అక్కణ్ణుంచే. ఆపైన నునుపు చేసి, తెల్లటి జెల్‌కోట్.

మూడోనాడు పరీక్ష. కప్పు మీద పైపుతో అరగంట నీళ్ళు, లోపల మేకప్ అద్దం ముందు పరిచిన న్యూస్‌పేపరు. ఒక్క చుక్క పడితే ఒట్టు! డ్రైవరు ముఖం చూడాలి, సినిమా వంద రోజులు ఆడినంత వెలుగు.

మీ ఊళ్ళో షూటింగయితే అందరూ క్యారవాన్ తలుపు వంకే చూస్తారు. మీరు మాత్రం ఒక్కసారి కప్పు వంక కూడా చూడండి. అతుకు కనిపించలేదా? అయితే పని చేసినవాడు గట్టి మేస్త్రీ అన్నమాట!