రేపటి కార్డు కోసం ఎంతకాలం ఆగాలి?

'ఆలస్యం అమృతం విషం' అంటారు పెద్దలు. 'నిదానమే ప్రధానం' అనేదీ వాళ్లే! ఈ రెండు మాటల్లో ఏది నమ్మాలి? ఈ చిక్కు ఎక్కడ వస్తుందో, దాన్ని లెక్కతో ఎలా విప్పవచ్చో చూద్దాం.

ఒక ఇంటిని ఊహించుకోండి. అక్క రెండేళ్ల యానిమేషన్ కోర్సులో చేరింది. బొమ్మలను కదిలించే పనికి కంప్యూటర్లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. నాన్న అందుకోసం డబ్బు కూడబెట్టారు. ఇంతలో తమ్ముడు అడ్డుపడ్డాడు.

"ఇప్పుడే కొనకక్కా! కొన్నాళ్లాగితే కొత్త తరం కార్డు వస్తుందట. దీనికంటే చాలా వేగమట!"

"అది వచ్చాక, దాన్ని మించింది ఇంకొకటి రాదా?" అంది అక్క.

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. మరి నాన్న ఏం చెయ్యాలి?

కార్డు చేసే పని

కంప్యూటర్ తెరమీది బొమ్మ చిన్న చిన్న రంగు చుక్కల కూర్పు. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న తెరలో మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకు 60 బొమ్మలు చూపాలంటే ఎన్ని చుక్కల రంగును నిర్ణయించాలి? గుణించి చూడండి: 12,44,16,000! అదీ ఒక్క సెకనులో.

కంప్యూటర్‌లోని ముఖ్య ప్రాసెసర్ చాలా తెలివైనదే. కాని ఈ పని నాట్లు వేయటం వంటిది. ఎంత పనిమంతురాలైనా ఒక్కతే పొలమంతా నాటాలంటే రోజులు పడుతుంది. ముప్ఫై మంది వరుసగా నిలబడి, ఎవరి ముందున్న మడి వారు నాటితే పూటలో అయిపోతుంది. గ్రాఫిక్స్ కార్డులో ఉన్నది ఇటువంటి కూలీల దండే. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 అనే కార్డులో 8,704 లెక్కల విభాగాలు ఒకేసారి పనిచేస్తాయి. ఒక చుక్క లెక్క చాలావరకు పక్క చుక్క లెక్కమీద ఆధారపడదు కనుక ఇది సాధ్యమవుతున్నది.

చిప్ మీద ట్రాన్సిస్టర్లను ఎంత చిన్నవి చేస్తే, అంత ఎక్కువమంది 'కూలీలు' అదే చోటులో పడతారు. అందుకే ఏటా రెండేళ్లకూ కొత్త తరం కార్డులు వస్తుంటాయి.

ఆగటం కూడా ఒక లెక్కే

ఒక చిప్‌లో అమర్చగల భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదని 1965లో గోర్డన్ మూర్ గమనించాడు. 1975లో ఆయనే దాన్ని సవరించి, రెండేళ్లకొకసారి రెట్టింపవుతుందన్నాడు. కంప్యూటర్ల వేగం 18 నెలలకు రెట్టింపవుతుందనే మాట తరువాత బాగా ప్రచారంలోకి వచ్చింది.

1999లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ గాట్‌బ్రాత్, మరో నలుగురు కలిసి కొంత సరదాగా ఒక వ్యాసం రాశారు. పెద్ద పెద్ద లెక్కలు చేయవలసినవాళ్లు వెంటనే కంప్యూటర్ కొని మొదలుపెట్టాలా, కొన్నాళ్లు ఊరికే కూర్చుని వేగమైన కంప్యూటర్ వచ్చాక మొదలుపెట్టాలా అన్నదే వారి ప్రశ్న. వారి పద్ధతిలో మనమూ లెక్క వేద్దాం.

ఇప్పటి యంత్రంమీద 60 నెలలు పట్టే పని ఒకటి ఉందనుకోండి. ఈరోజే మొదలుపెడితే 60 నెలలకు పూర్తవుతుంది. 18 నెలలు ఆగితే వేగం రెట్టింపు కనుక పనికి 30 నెలలు చాలు. 18, 30 కలిపితే 48. ఊరికే కూర్చున్నవాడు ఏడాది ముందుగా పూర్తిచేశాడు! పోనీ, 36 నెలలు ఆగితే? పనికి 15 నెలలే పడుతుంది. కాని మొత్తం 51 అవుతుంది. అంటే మరీ ఎక్కువ ఆగినా నష్టమే.

ఇప్పుడు 12 నెలల పని తీసుకోండి. ఈరోజే మొదలుపెడితే 12 నెలలు. 18 నెలలు ఆగితే 18, 6 కలిసి 24 నెలలు. ఇక్కడ ఆగినవాడు పూర్తిగా దెబ్బతిన్నాడు.

మరి హద్దు ఎక్కడుంది? 18ని 0.693తో భాగించండి. దాదాపు 26 వస్తుంది. ఇప్పటి యంత్రంమీద 26 నెలలకంటె తక్కువ పట్టే పనికి ఒక్కరోజు కూడా ఆగవలసిన అవసరం లేదు. ఈ 0.693 అన్నది 2 యొక్క సహజ సంవర్గమానం. అది ఇందులోకి ఎలా వచ్చిందో కలన గణితం నేర్చుకున్నాక మీరే రాబట్టవచ్చు.

పరుగు మందగిస్తే?

ఈ లెక్కంతా 'రెట్టింపు' అనే పునాదిమీద నిలబడి ఉన్నది. ఆ పునాది ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4080 చిప్‌లో 4,590 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. దాని తరువాతి తరంగా 2025లో వచ్చిన 5080లో ఎన్నో తెలుసా? 4,560 కోట్లు! రెట్టింపు మాట అటుంచి, కాస్త తగ్గాయి. ఇతర మార్పులవల్ల వేగం కొంత పెరిగిన మాట నిజమే. కాని రెండేళ్లు దాటినా అది రెట్టింపు కాలేదు.

రెట్టింపుకు 18కి బదులు 36 నెలలు పడితే హద్దు ఎంతవుతుంది? 36ని 0.693తో భాగిస్తే దాదాపు 52. అంటే ప్రగతి మందగించేకొద్దీ, ఆగటంవల్ల లాభపడే పనులు తగ్గిపోతాయి.

ధర కూడా చెప్పినట్లు వినదు. 2020 సెప్టెంబరులో 3080 కార్డును 699 డాలర్ల ధరతో విడుదల చేశారు. దానికోసం ఎందరో ఆశగా ఎదురుచూశారు. తీరా అమ్మకం మొదలవగానే సరుకు అయిపోయింది. కోవిడ్ కాలంలో ఇళ్లలో ఉన్నవారు కంప్యూటర్లు ఎక్కువగా కొన్నారు. చిప్‌లకు కొరత ఏర్పడింది. ఈథీరియం వంటి క్రిప్టో నాణేలను సంపాదించే లెక్కలకోసం కొందరు కార్డులను ఎగబడి కొన్నారు. 2021లో అదే కార్డు చేతులు మారి, ప్రకటించిన ధరకు రెట్టింపుకు పైగా పలికింది. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ పద్ధతిని మానుకున్నది. వాడిన కార్డులు బజారులోకి వచ్చి, ధరలు దిగాయి. ఒకసారి ఆగినవాడు నష్టపోయాడు, మరొకసారి ఆగినవాడు లాభపడ్డాడు. ముందుగా ఎవరికి తెలుసు?

అక్క లెక్క

ఇక మన ఇంటికి వద్దాం. అక్క కోర్సు 24 నెలలు. కార్డు ధర 48,000 రూపాయలనుకుందాం. ఇప్పుడే కొంటే నెలకు 2,000 పడుతుంది. 8 నెలలు ఆగితే ధర 40,000కు దిగిందనుకోండి. తమ్ముడు సంతోషిస్తాడు. కాని కోర్సులో మిగిలినవి 16 నెలలే. 40,000ను 16తో భాగిస్తే నెలకు 2,500! ధర తగ్గింది, ఖర్చు పెరిగింది. పైగా ఆ 8 నెలలూ నేర్చుకోవలసిన పాఠం వెనుకబడుతుంది.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉన్నది. ఇంట్లో ఉన్న పాత కార్డుతోనే అక్క పని సాగుతూ ఉంటే, ఆ 8 నెలలూ వృథా కావు. అప్పుడు ఆగటం తెలివైన పనే. కొత్త కార్డు వచ్చే తేదీ, ధర అధికారికంగా ప్రకటించి, అది నెలా రెండు నెలల్లోనే ఉంటే, ఆపాటి ఓపిక పట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. 'వస్తుందట' అన్న మాట తప్ప వేరే ఆధారం లేనప్పుడు మాత్రం జాగ్రత్త!

కొన్ని దుకాణాల్లో 'అప్పు రేపు' అని బోర్డు కనిపిస్తుంది. రేపు వెళ్లినా బోర్డు అలాగే ఉంటుంది. కొత్త తరం కార్డు కూడా అంతే. అది ఎప్పుడూ రేపే వస్తుంది. కనుక 'రేపు ఏం వస్తుంది?' అని అడిగేముందు, 'ఈరోజు ఏ పని ఆగిపోయింది?' అని అడగండి. ఏదీ ఆగిపోకపోతే నిదానమే ప్రధానం. పని ఆగిపోయి ఉంటే ఆలస్యం విషమే. పెద్దలు చెప్పిన రెండు మాటలూ నిజమే. ఏది ఎప్పుడు వర్తిస్తుందో చెప్పేది లెక్క.

చివరగా మీకో లెక్క: వేగం 24 నెలలకు రెట్టింపవుతుంటే, 48 నెలల పనికి 24 నెలలు ఆగటంవల్ల ఏమైనా కలిసివస్తుందా? 12 నెలలే ఆగితే? కాగితం, పెన్సిలు తీసుకుని మీరే తేల్చండి.