దేవుడనుకున్న రాయి... డైనోసార్ గుడ్డు!

శిలాజాల వేట ఓ చక్కని హాబీ. పెద్ద ఖర్చుండదు. కావలసిందల్లా ఓపిక, చూసే కన్ను. అంతకన్నా ముఖ్యంగా... ఓ నోటు పుస్తకం!

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో పాడ్ల్యా అనే ఊరుంది. పొలాల్లో దొరికే గుండ్రటి రాళ్లను అక్కడి రైతులు 'కాకర్ భైరవ్' అని పిలిచి కొలిచేవారు. కాకర్ అంటే పొలం, భైరవ్ అంటే దేవుడు. పంటనీ పశువుల్నీ ఆయనే కాపాడతాడని నమ్మి కొబ్బరికాయలు సమర్పించేవారు. 2023 డిసెంబరులో ఈ సంగతి దేశమంతా తెలిసింది. ఎందుకంటే ఆ రాళ్లు రాళ్లు కావు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి డైనోసార్ గుడ్లు!

మాస్టారి వేట
ఈ ప్రాంతంలో గుడ్లున్నాయని లోకానికి చాటినవాళ్లలో ఓ బడిపంతులు ఉన్నారు. ఆయన పేరు విశాల్ వర్మ. వృత్తి ఫిజిక్స్ పాఠాలు చెప్పడం, వ్యాపకం శిలాజాలు వెతకడం. మిత్రులతో కలిసి గుట్టలూ వాగులూ గాలించిన ఆయనకు 2007లో వందకు పైగా గుడ్లు కనిపించాయి.

అసలు మన దేశంలో డైనోసార్ల కథ మొదలైందే ఇలాంటి ఔత్సాహికుడితో. 1828లో జబల్‌పూర్ దగ్గర రాయిగా మారిన ఎముకలు సేకరించిన విలియం స్లీమన్ శాస్త్రవేత్త కాదు, సైనికాధికారి. అప్పటికి 'డైనోసార్' అన్న మాటే పుట్టలేదు. రిచర్డ్ ఓవెన్ ఆ పేరు పెట్టింది 1842లో!

గూడు చెప్పిన గుట్టు
దొరికిన గుడ్డును తెచ్చి షోకేసులో పెట్టుకుంటే ఏమయ్యేది? చూడ్డానికి బాగుండేది. అంతే! వర్మ అలా చేయలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు గుంటుపల్లి వి.ఆర్.ప్రసాద్ బృందంతో చేతులు కలిపారు. బాగ్, కుక్షి ప్రాంతాల్లో వాళ్లంతా కలిసి లెక్క తేల్చినవి 92 గూళ్లు, 256 గుడ్లు. ఆ పరిశోధన పత్రం 2023 జనవరిలో వెలువడింది. రచయితల్లో ఈ మాస్టారి పేరూ ఉంది.

గూళ్లు బాగా దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంత పెద్ద జంతువులు వాటి మధ్య తిరిగితే గుడ్లు చితికిపోవూ? అంటే తల్లులు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయన్నది శాస్త్రవేత్తల అంచనా. గుడ్లు ఎక్కడివక్కడే ఉండబట్టి ఈ గుట్టు తెలిసింది. పాడ్ల్యాలోనే గుడ్డులో గుడ్డు కూడా బయటపడింది. అప్పటిదాకా పక్షుల్లో తప్ప కనిపించని ఈ వింత గురించి ఇదే బృందం 2022లో ప్రకటించింది.

శిలాజం విలువ రాతిలో సగం, దొరికిన చోటులో సగం. చోటు చెప్పలేని శిలాజం చిరునామా లేని ఉత్తరమే!

మీకూ సరదా ఉందా?
* భూతద్దం, టేపు, కెమెరా, నోటు పుస్తకం వెంట ఉంచుకోండి. సుత్తికి తొందరలేదు.
* ఏదైనా కనిపిస్తే పక్కన ఓ రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది.
* ఊరు, తేదీ, ఏ రాతి పొరలో ఉందీ అక్కడికక్కడే రాసుకోండి.
* ఎముకలు, గుడ్లు కనిపిస్తే కదపొద్దు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకో, దగ్గర్లోని విశ్వవిద్యాలయంలోని జియాలజీ విభాగానికో కబురు పెట్టండి.
* రక్షిత ప్రాంతాల్లో ఏదీ తీయొద్దు. శిలాజాలు కొనొద్దు, అమ్మొద్దు.

పిల్లల్లో ఆసక్తి కలిగించాలంటే మొదటి అడుగు హైదరాబాద్‌లోనే వేయొచ్చు. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది. అదేమీ విదేశాల నుంచి వచ్చింది కాదు... ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మన డైనోసారే!

ఈసారి ఊరెళ్లినప్పుడు పొలం గట్టు మీద వింత రాయి కనిపిస్తే జేబులో వేసుకోకండి. ముందు పెన్ను తీయండి!