పెంటికలు చెప్పే కబురు

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద హైదరాబాదీలు చిరునామాలన్నీ పిల్లర్ నంబర్లతోనే చెప్పుకుంటారు. ఫలానా పిల్లర్ దగ్గర బిర్యానీ, ఫలానా పిల్లర్ ఎదురుగా ఫంక్షన్ హాలు. ఆ సందడి మధ్యనే, అత్తాపూర్‌లో హైదర్‌గూడ వైపు ఒక ప్రయోగశాల ఉంది. పైన కార్లు, కింద ఆటోలు. రోజూ ఆ దారిన పోయేవాళ్లలో గేటు లోపల ఏం జరుగుతుందో ఎరిగినవాళ్లు తక్కువే. దాని పేరు లాకోన్స్. అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల కోసమే సీసీఎంబీ (సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం) పెట్టిన ప్రయోగశాల. ఇక్కడి శాస్త్రవేత్తలకు వజ్రాలకన్నా విలువైన సరుకు ఒకటుంది. అది జంతువుల పేడ.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఒక పాము కథ చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా పల్లెలో పుట్టిన లాల్జీ సింగ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లోనే పాముల క్రోమోజోముల వెంట పడ్డారు. తర్వాత ఎడిన్‌బరోలో పనిచేస్తూ, పసుపు నలుపు పట్టీలుండే కట్లపాము డీఎన్ఏ నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ఒక వరుసను వేరుచేశారు. ఆడ పామును మగ పామును వేరుచేసేదేమిటో తెలుసుకోబోతే దొరికిన ముక్క అది. హైదరాబాద్ వచ్చాక సీసీఎంబీలో అదే ముక్క మనుషుల డీఎన్ఏ వేలిముద్రలు పట్టే సాధనమైంది. పిల్లవాడి తండ్రి ఎవరన్న తగాదా నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా ఆ పరిజ్ఞానం కోర్టు మెట్లెక్కింది. పాము పుణ్యాన మనుషుల చిక్కులు తీర్చిన ఆయన, 1998లో సీసీఎంబీ డైరెక్టర్ అయ్యాక మళ్లీ జంతువుల వైపు తిరిగారు. ఆ ఆలోచనకు కేంద్ర జూ ప్రాధికార సంస్థ, బయోటెక్నాలజీ విభాగం, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోడయ్యాయి. 2007 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి అబ్దుల్ కలాం లాకోన్స్‌ను జాతికి అంకితం చేశారు.

రిబ్బను కత్తిరించకముందే అక్కడ పురుడు జరిగిపోయింది. 2006లో స్పాటీ అనే చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. కోత లేకుండా, కృత్రిమ గర్భధారణతో పుట్టిన తొలి చుక్కల దుప్పి ప్రపంచంలో అదేనని లాకోన్స్ చెబుతుంది. ‘గేదెకు సూది చేయించడం మాకు కొత్తా?’ అని పాడి రైతు నవ్వొచ్చు. నిజమే, గోపాలమిత్ర బండి మీద నత్రజని క్యాన్ పెట్టుకుని ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు. కానీ గేదె నిలబడుతుంది, దుప్పి నిలబడదు. చేత్తో పట్టుకుంటే బెదిరి, ఆ బెదురుకే ప్రాణం వదిలేసే జంతువది. ఎదకు వచ్చిందని అరిచి చెప్పదు. చూడి కట్టిందో లేదో చేయి పెట్టి చూడనివ్వదు.

అక్కడే పెంటికలు అక్కరకొస్తాయి. ఆడదాని ఒంట్లో ఊరే హార్మోన్ల అవశేషాలు పేడలో కలిసి బయటికొస్తాయి. ఏరిన పెంటికల సంచి మీద జంతువు పేరు, తేదీ రాస్తారు. తర్వాత వాటిని ఎండబెట్టి, పొడి చేసి, ద్రావణంలో కలిపి హార్మోన్ పాళ్లు కొలుస్తారు. ఆ కొలతలు వరుసగా గీస్తే గీత ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది, ఎక్కడ లేచి అలాగే నిలిచింది అన్నది కనబడుతుంది. నిలిచిందంటే కడుపు పండినట్టు. జంతువును తాకనక్కర్లేదు, దానికి కబురే తెలియదు. స్పాటీ తర్వాత 2007లో కృష్ణజింక పిల్ల ‘బ్లాకీ’ కూడా ఈ దారినే వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు రాష్ట్రం రెండయింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల దుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులయ్యాయి. రెండింటికీ పురుడు పోసిన ఇల్లు ఒక్కటే.

లాకోన్స్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం మూషిక జింక సంగతి. పేరుకు జింకే గాని మూడు కిలోలు తూగుతుంది, కుందేలుకు అటూ ఇటూగా ఉంటుంది. కొమ్ములుండవు, మగదానికి పైదవడ నుంచి చిన్న కోరలు బయటికొస్తాయి. నెమరు వేస్తుంది కానీ ఆవు మేకల్లా నాలుగు గదుల పొట్ట కాదు, మూడే. పగలంతా పొదల్లో నక్కి, రాత్రి రాలిన పండ్లు ఏరుకు తింటుంది. దీన్ని మొక్కజొన్న పొత్తంత తేలిగ్గా సంచిలో వేసుకుపోయే వేటగాళ్లు, పలచబడే అడవి కలిసి ఎన్నోచోట్ల కనుమరుగు చేశారు. 2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ, అటవీ శాఖ, లాకోన్స్ కలిసి నెహ్రూ జూలాజికల్ పార్కులో ఆరు జంతువులతో సంతతి పెంపకం మొదలుపెట్టాయి. ఇక్కడ కూడా పెంటికలే గుట్టు విప్పాయి. సుమారు అయిదు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనే ఈ తల్లి, ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ ఎదకు వస్తుంది. అది తెలియక మగదాన్ని విడిగా ఉంచితే ఆ అదను జారిపోయినట్టే. తెలిశాక మంద ఏడేళ్లలో 200 దాటింది.

సంఖ్య పెరగగానే సరిపోదు. ఆరింటి పిల్లలు తమలో తాము కలుస్తూ పోతే రక్తం పలచబడుతుందని మన పెద్దలు మేనరికాల గురించి గొణిగేది ఇక్కడా వర్తిస్తుంది. అందుకే ఏ పిల్ల ఎవరి బిడ్డో లెక్క రాసుకుంటూ, దూరపు చుట్టాలను చూసి జత కట్టాలి. పెళ్లిళ్ల పేరయ్య పని. 2017 మార్చిలో ఎనిమిదింటిని నల్లమలలోని ఆమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. ఒక్కసారిగా అడవిలోకి తోలేయలేదు, అక్కడే కంచె వేసిన ఆవరణలో పెట్టి గాలికీ గడ్డికీ అలవాటు చేశారు.

పులి కడుపు నిండాలన్నా, అడవి చెట్టు విత్తనం మరోచోట పడాలన్నా ఇలాంటి చిన్న ప్రాణాలు కావాలి. అయినా పత్రికల మొదటి పేజీ ఎప్పుడూ చీతాదే. 1952లో దేశంలో అంతరించిందని ప్రకటించిన చీతాను క్లోనింగ్‌తో తిరిగి తేవాలని లాల్జీ సింగ్ కలగన్నారు. ఇరాన్ నుంచి జంటనో, కనీసం కణాలనో ఇమ్మని అడిగితే ఆ దేశం ఒప్పుకోలేదు. ఆ కల తీరకుండానే 2017 డిసెంబరులో ఆయన వెళ్లిపోయారు. 2022లో నమీబియా నుంచి విమానంలో వచ్చినవి ఆఫ్రికా చీతాలు.

ప్రయోగశాలలో ఇంకో అటక ఉంది. దాని పేరు జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల నిధి, 2018లో మొదలైంది. మూత తీస్తే పొగలాంటిది పైకి లేవదు, అంచు దాటి నేల మీదికి జారుతుంది. లోపలున్నది ద్రవ నత్రజని, మైనస్ 196 డిగ్రీలు. అందులో సన్నటి గొట్టాల్లో వీర్యం, చిన్న సీసాల్లో కణజాలం నిద్రపోతుంటాయి. ప్రారంభం నాటికే 23 జాతుల నమూనాలు చేరాయి.

పట్టుబడిన మాంసం ముక్కలు కూడా ఇక్కడికి వస్తాయి. ‘మేక మాంసమండీ’ అన్నవాడి మాట నిజమో కాదో, వండిన ముక్కలోని మైటోకాండ్రియా డీఎన్ఏ చెప్పేస్తుంది. ఒక్కో కణంలో దాని ప్రతులు వందల కొద్దీ ఉంటాయి, పొయ్యి మీద ఉడికినా ఏదో ఒకటి మిగులుతుంది. 2021లో నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు జలుబు చేస్తే, కరోనా అని తేల్చిందీ ఈ ఇంటివాళ్లే.

లాకోన్స్ టికెట్టు కొని చూసే చోటు కాదు. మాతృసంస్థ సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26 చుట్టుపక్కల హబ్సిగూడలోని సీసీఎంబీ తలుపులు తెరిచే రోజుంటుంది, ముందుగా కనుక్కుని వెళ్లాలి. బహదూర్‌పురాలోని జూకు సోమవారం సెలవు. పగటిని రాత్రి చేసి చూపించే నిశాచర జంతువుల ఇల్లు అక్కడ తప్పక చూడదగ్గది. అడవిలోనే చూడాలనుకుంటే శ్రీశైలం దారిలో సుమారు 140 కిలోమీటర్ల దూరాన మన్ననూరు ఉంది, ఫరహాబాద్ సఫారీ జీపులు ఆ దారిలోనే. మూషిక జింక కనబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ వేళకు అది పొదలో నిద్రపోతుంటుంది. వెంట వచ్చే చెంచు గైడును అడిగితే, జింకను కాకపోయినా పెంటికలు పడే చోటు చూపిస్తాడేమో.