ఇంట్లో తయారుచేసే వీడియో ప్రొజెక్టర్: ప్యానెల్‌ను చల్లగా ఉంచడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ప్రొజెక్టర్‌లో ఎల్.సి.డి. ప్యానెల్ ఎందుకు వేడెక్కుతుందో వివరించగలుగుతారు.
- వేడిని ఆపే ఫిల్టర్ గాజు ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో చెప్పగలుగుతారు.
- ప్యానెల్ ఉష్ణోగ్రతను సుమారుగా లెక్కకట్టగలుగుతారు.
- ఫ్యానును, గాలి దారిని సరిగా అమర్చగలుగుతారు.

1. ప్రస్తావన

పాత 15 అంగుళాల కంప్యూటర్ మానిటర్ నుంచి వెనుక దీపాన్ని తీసేస్తే మిగిలేది పలుచని ఎల్.సి.డి. ప్యానెల్. దాని వెనుక బలమైన మెటల్ హాలైడ్ దీపం, ఇరువైపులా ఫ్రెనెల్ కటకాలు, ముందు ఒక ప్రొజెక్షన్ కటకం అమర్చితే గోడ మీద పెద్ద బొమ్మ పడుతుంది. తక్కువ ఖర్చుతో పాఠశాలకో, ఊళ్లో సినిమా ప్రదర్శనకో ఇది ఉపయోగపడుతుంది. కాంతిశాస్త్రంలోని చాలా సూత్రాలు ఇందులో కళ్లెదుట కనిపిస్తాయి.

అయితే ఇలాంటి ప్రొజెక్టర్లలో ఎక్కువగా పాడయ్యేది ప్యానెలే. మానిటర్‌లో ఉన్నప్పుడు దాని వెనుక కొద్ది వాట్ల దీపం మాత్రమే ఉండేది. ఇప్పుడు 400 వాట్ల దీపం ఉంది. కటకం పగిలితే మరొకటి కొనవచ్చు, దీపం మాడితే మార్చవచ్చు. ప్యానెల్ మాడితే మాత్రం అదే కొలత, అదే కనెక్టర్ ఉన్న మరో మానిటర్‌ను వెతకాలి. అందువల్ల పెట్టె తయారుచేయకముందే వేడి లెక్క చూసుకోవాలి.

2. ప్యానెల్‌లోకి వేడి ఎలా వస్తుంది?

మూడు దారులున్నాయి.

మొదటిది, దీపం చుట్టూ వేడెక్కిన గాలి. దీపానికీ ప్యానెల్‌కూ మధ్య అడ్డు లేకపోతే ఆ గాలి నేరుగా ప్యానెల్‌ను తాకుతుంది.

రెండవది, పరారుణ కిరణాలు. ఇవి కంటికి కనిపించవు, బొమ్మకు ఏమీ తోడ్పడవు. ప్యానెల్ మీద పడితే వేడిగా మారతాయి.

మూడవది, కంటికి కనిపించే కాంతి. చాలామంది మరచిపోయేది దీనినే. ప్యానెల్ మీద 100 భాగాల కాంతి పడిందనుకోండి. మొదటి ధ్రువణకారి సగానికి కొంచెం ఎక్కువే శోషించుకుంటుంది. సుమారు 45 భాగాలు మిగులుతాయి. ప్రతి పిక్సెల్ ముందున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు సుమారు మూడో వంతునే పోనిస్తాయి. 15 భాగాలు మిగులుతాయి. పిక్సెళ్ల మధ్యనున్న తీగలు, ట్రాన్సిస్టర్లు మరికొంత అడ్డుకుంటాయి. చివరకు గోడ వైపు వెళ్లేది పదో వంతు కన్నా తక్కువ. మిగతాదంతా దాదాపుగా ప్యానెల్‌లోనే వేడిగా మారుతుంది. బొమ్మ నల్లగా ఉన్నప్పుడు ఆ పదో వంతు కూడా బయటికి పోదు.

దీనినుంచి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. పరారుణ కిరణాలను పూర్తిగా ఆపినా ప్యానెల్ వేడెక్కుతూనే ఉంటుంది. ఎల్.ఇ.డి. దీపం కిరణాల్లో పరారుణ భాగం చాలా తక్కువ. అయినా అంతే కాంతి ప్యానెల్ మీద పడితే ఈ మూడవ దారి అలాగే ఉంటుంది. బొమ్మను తయారుచేసే కాంతిని ఫిల్టర్ చేసి తీసేయలేం కదా! ఆ వేడిని ప్యానెల్ మీద పుట్టిన తరువాత గాలితో తీసుకుపోవలసిందే.

3. వేడి ఏం చేస్తుంది?

ద్రవ స్ఫటికాల అణువులు ఒక వరుసలో నిలబడి కాంతి ధ్రువణ తలాన్ని తిప్పుతాయి. ఆ వరుస ఉన్నంతవరకే బొమ్మ ఏర్పడుతుంది. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే వరుస చెదిరి, ఆ పదార్థం మామూలు ద్రవంలా మారుతుంది. ఈ హద్దును క్లియరింగ్ పాయింట్ అంటారు. అప్పుడు ధ్రువణ తలం తిరగదు. అడ్డంగా నిలిచిన రెండవ ధ్రువణకారి కాంతిని ఆపేస్తుంది. గోడ మీద బొమ్మ మధ్యలో ముదురు మచ్చ కనిపించి, మెల్లగా పెద్దదవుతుంది.

ఈ మచ్చ కనిపిస్తే కంగారు పడకండి, కానీ వెంటనే దీపం ఆపండి. ప్యానెల్ చల్లబడితే స్ఫటికాలు మళ్లీ వరుసకు వస్తాయి, మచ్చ పోతుంది. ధ్రువణకారి పొర సంగతి వేరు. అది అయోడిన్ చేర్చిన ప్లాస్టిక్ పొర. ఎక్కువ కాలం వేడికి గురైతే రంగు మారుతుంది, ముడతలు పడుతుంది. ఆ నష్టం తిరిగి రాదు. మచ్చ రాలేదు కాబట్టి ప్యానెల్ క్షేమం అని అనుకోరాదు. మానిటర్ ప్యానెళ్లకు సాధారణంగా 50 డిగ్రీల సెల్సియస్ వరకే నిర్వహణ పరిమితి ఉంటుంది. మచ్చ అంతకన్నా చాలా పైన వస్తుంది.

4. ఒక లెక్క

వేడెక్కిన తలం నుంచి గాలిలోకి పోయే వేడి మూడింటిపై ఆధారపడుతుంది: తలం వైశాల్యం, తలానికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదం, ఉష్ణ బదిలీ గుణకం. కాబట్టి:

ఉష్ణోగ్రతలో పెరుగుదల = ప్యానెల్ శోషించిన సామర్థ్యం ÷ (గుణకం × వైశాల్యం)

15 అంగుళాల ప్యానెల్ ఒక వైపు వైశాల్యం సుమారు 0.07 చదరపు మీటర్లు. రెండు వైపులా కలిపి 0.14. కదలని గాలిలో గుణకం సుమారు 5, ఫ్యాను గాలిలో సుమారు 20 (చదరపు మీటరుకు, డిగ్రీకి వాట్లలో) అని తీసుకుందాం. ఫిల్టర్ లేనప్పుడు ప్యానెల్ 40 వాట్లు, ఫిల్టర్ ఉన్నప్పుడు 25 వాట్లు శోషిస్తుందనుకుందాం. వేసవిలో తలుపులు మూసిన గది ఉష్ణోగ్రత 38 డిగ్రీలు. అప్పుడు ప్యానెల్ ఉష్ణోగ్రత:

- ఫిల్టర్ లేదు, ఫ్యాను లేదు: 38 + 57 = 95 డిగ్రీలు
- ఫిల్టర్ ఉంది, ఫ్యాను లేదు: 38 + 36 = 74 డిగ్రీలు
- ఫిల్టర్ లేదు, ఫ్యాను ఉంది: 38 + 14 = 52 డిగ్రీలు
- ఫిల్టర్ ఉంది, ఫ్యాను ఉంది: 38 + 9 = 47 డిగ్రీలు

ఇవి సుమారు విలువలే. అయినా వీటి క్రమాన్ని గమనించండి. రెండింటిలో ఒకదాన్నే పెట్టుకోగలిగితే ఫ్యానే మేలు. కానీ మన వేసవిలో 50 డిగ్రీల లోపు ఉండాలంటే రెండూ కావాలి.

5. అమరిక

ఫిల్టర్ గాజు: ఇవి రెండు రకాలు. ఒక రకం పరారుణ కిరణాలను దీపం వైపే పరావర్తనం చేస్తుంది. మరో రకం వాటిని తానే శోషించుకుని వేడెక్కుతుంది. రెండవ రకాన్ని ప్యానెల్‌కు ఆనించి పెడితే అదే ఒక పొయ్యి అవుతుంది. ఏ రకమైనా దీపం వైపే, రెండు పక్కలా గాలి ఆడేటట్టు అమర్చండి.

దీపం గది: దీపానికి వేరే అర, వేరే గాలి దారి ఉండాలి. ఆ వేడి గాలి పై నుంచి నేరుగా బయటికి పోవాలి. ఫ్యాను గాలిని దీపం బల్బు మీదకు నేరుగా కొట్టనీయకండి. మెటల్ హాలైడ్ దీపం తన ఉష్ణోగ్రతలో ఉంటేనే దాని కాంతి రంగు సరిగా ఉంటుంది.

ప్యానెల్ సందు: ప్యానెల్‌కూ ఫ్రెనెల్ కటకానికీ మధ్య 10 నుంచి 15 మి.మీ. ఖాళీ వదలండి. మరీ ఇరుకైతే గాలి దూరదు. మరీ వెడల్పైతే గాలి ప్యానెల్‌ను తాకకుండా మధ్యనుంచి పోతుంది. కింది నుంచి చల్లని గాలి వచ్చి, ప్యానెల్ రెండు వైపులనూ రాసుకుంటూ పైకి పోవాలి. మొదటి ధ్రువణకారి దీపం వైపు ఉంటుంది కాబట్టి అటువైపు గాలి తప్పనిసరి.

ఎంత గాలి? ఒక ఘనపు మీటరు వెచ్చని గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,100 జౌళ్లు కావాలి. 25 వాట్ల వేడిని తీసుకుపోతూ గాలి 3 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 7.6 లీటర్ల గాలి చాలు. 120 మి.మీ. కంప్యూటర్ ఫ్యాను అడ్డులేని చోట సెకనుకు సుమారు 20 నుంచి 30 లీటర్లు ఇస్తుంది. ఇరుకు సందులో అది బాగా తగ్గుతుంది కాబట్టి ఫ్యాను చిన్నదైతే కష్టం.

దుమ్ము: ప్యానెల్ మీది దుమ్ము గోడ మీద పెద్దదై కనిపిస్తుంది. గాలి లోపలికి వచ్చే చోట పలుచని స్పాంజి వడపోత పెట్టి, నెలకోసారి కడగండి. అది మూసుకుపోతే ఫ్యాను తిరుగుతున్నా గాలి రాదు.

6. కొలవడం, ఆపడం

ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్‌ను వెలుగు దారిలో పెడితే అదే కాంతిని శోషించి తప్పు చూపుతుంది. అరగంట నడిపి, దీపం ఆపిన వెంటనే ప్యానెల్ మధ్యలో కొలవండి.

గది ఉష్ణోగ్రత కన్నా ప్యానెల్ ఎంత పెరిగిందో రాసుకోండి. ఆ పెరుగుదల అన్ని కాలాల్లోనూ దాదాపు ఒకటే. జనవరిలో గది 26, ప్యానెల్ 43 డిగ్రీలు ఉంటే పెరుగుదల 17. చూడడానికి అంతా బాగానే ఉంది. అదే ప్రొజెక్టర్‌ను మే నెలలో 38 డిగ్రీల గదిలో నడిపితే ప్యానెల్ 55 డిగ్రీలకు చేరుతుంది. చలికాలంలో బాగా పనిచేసింది వేసవిలో పాడవడానికి కారణం ఇదే.

దీపం ఆపాక కూడా దాని అరలో వేడి నిలిచి ఉంటుంది. పది నిమిషాలైనా ఫ్యానులను తిరగనివ్వండి. కరెంటు పోతే దీపంతో పాటు ఫ్యానూ ఆగుతుంది. నిలిచిన వేడి ప్యానెల్ వైపు వస్తుంది. అందువల్ల 12 వోల్టుల ఫ్యానులను చిన్న బ్యాటరీకి కలపడం మంచిది.

హెచ్చరిక: మెటల్ హాలైడ్ దీపాన్ని వెలిగించే పరికరంలో వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. బయటి గాజు పగిలిన దీపం నుంచి హానికరమైన అతినీలలోహిత కిరణాలు వస్తాయి. పెట్టె తెరిచి ఉండగా దీపం వెలిగించకండి.

7. సారాంశం

ప్యానెల్‌కు వేడి గాలి ద్వారా, పరారుణ కిరణాల ద్వారా, కాంతి శోషణ ద్వారా వేడి చేరుతుంది. మొదటిదానికి వేరు గది, రెండవదానికి ఫిల్టర్, మూడవదానికి ప్యానెల్ రెండు వైపులా గాలి అవసరం. ప్రొజెక్టర్‌ను చలికాలంలో పరీక్షించినా లెక్క మాత్రం వేసవికే వేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎల్.ఇ.డి. దీపం వాడినా ప్యానెల్‌కు ఫ్యాను ఎందుకు అవసరం?
2. ఒక ప్యానెల్ 28 వాట్లు శోషిస్తుంది. రెండు వైపుల వైశాల్యం 0.14 చదరపు మీటర్లు, గుణకం 20. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలైతే ప్యానెల్ ఉష్ణోగ్రత ఎంత? గది ఏ ఉష్ణోగ్రత దాటితే దీన్ని నడపకూడదు?

జవాబులు

1. ప్యానెల్ మీద పడే కాంతిలో తొమ్మిది వంతులకు పైగా ప్యానెల్‌లోనే వేడిగా మారుతుంది కాబట్టి.
2. పెరుగుదల 28 ÷ 2.8 = 10 డిగ్రీలు; ప్యానెల్ 45 డిగ్రీలు. పరిమితి 50 కాబట్టి గది 40 డిగ్రీలు దాటితే నడపకూడదు.